పంటి బిగువున

ఒంగోలు చుట్టుపక్కల గొడ్లున్న ఏ ఇంట్లోనైనా జరగగల సంగతి ఇది. పొద్దున లేచేసరికి చావిట్లో కోడెదూడ లేదు. తెల్లవారుజామునే బేరగాళ్ళు తోలుకుపోయారు. గుంజకి పలుపు ఒక్కటే వేలాడుతోంది. ఆరేళ్ళ పిల్లవాడు ఆ గుంజ పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తండ్రి రెండుసార్లు ఊరుకోమన్నాడు. మూడోసారి గొంతు పెరిగింది. "ఏందిరా ఆడపిల్ల మాదిరి? నోరు మూస్తావా, రెండు తగిలించమంటావా?"

పిల్లవాడు నోరు మూశాడు.

ఎలా మూశాడు? ఏడుపు కంటికి సంబంధించిన వ్యవహారమని అనుకుంటాం గాని, అందులో పెద్ద భాగం ఊపిరిది. రొమ్ముకీ పొట్టకీ నడుమ ఉండే డయాఫ్రమ్ ఎగిరెగిరి పడుతుంది. గొంతు తెరుచుకుంటుంది, దవడ జారుతుంది, గాలి ముక్కలుముక్కలుగా లోపలికి వెళ్ళి ఒక్కసారిగా బయటికొస్తుంది. దాన్ని నిలబెట్టాలంటే వీటన్నిటినీ పట్టి ఆపాలి. అందుకే వాడు పెదాలు కలిపి నొక్కాడు. వెనక పళ్ళు కరుచుకున్నాడు. నాలుకని అంగిలికి ఆనించి బిగించాడు. పొట్ట గట్టిపరిచాడు. భుజాలు చెవుల దాకా లేచాయి, ఊపిరి సగంలో ఆగిపోయింది. గడ్డం కింద చర్మం మాత్రం ఇంకా వణుకుతోంది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కన్నీటి గ్రంథులు మన ఆజ్ఞకి లొంగవు కాబట్టి. ఒంట్లో మన మాట వినేవి కండరాలు మాత్రమే.

దుఃఖాన్ని దుఃఖంగా ఆపే సాధనం ఆరేళ్ళవాడి దగ్గర లేదు. "దూడ పోతే పోయింది, అప్పు తీరుతుంది" అని తనకు తాను చెప్పుకోగల తర్కం వాడికి ఇంకా రాలేదు. అవతలికి వెళ్ళిపోయే స్వేచ్ఛా లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే: బిగించడం. ఆ పని వాడు చాలా బాగా చేశాడు. తండ్రి తృప్తిపడి పొలానికి వెళ్ళాడు.

ఈ శరీరశాస్త్రం తెలుగువాళ్ళకి కొత్త కాదు. బాధని పంటి బిగువున భరిస్తాం. దుఃఖాన్ని దిగమింగుతాం. మాట గొంతుకి అడ్డం పడుతుంది. భయమేస్తే ఊపిరి బిగబడతాం. కోపాన్ని కడుపులో దాచుకుంటాం, పెద్దవాళ్ళ ముందు కొయ్యబారిపోతాం. ఈ మాటలన్నీ వరసగా ఒక కాగితం మీద రాస్తే, దవడ నుంచి పొట్ట దాకా ఏడుపుని ఆపే కండరాల పట్టిక తయారవుతుంది. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదని ఒక సామెత కూడా ఉంది. నవ్వుకీ ఏడుపుకీ వాడే కండరాలు చాలావరకు అవే. ఆ సామెత చెరో దారిన ఇద్దరినీ ఒకే చోట కట్టేసింది.

చదువుతున్నవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి రెండు చేతుల వేళ్ళనీ చెవుల ముందు, దవడ మూల మీద ఆనించుకుని వెనక పళ్ళు గట్టిగా కరవాలి. వేళ్ళ కింద ఉబ్బి గట్టిపడేది నమిలే కండరం. ఒంటి మొత్తంలో బలమైన కండరాల్లో అదొకటి. ఇప్పుడు వదిలేయాలి. పెదాలు కలిసి ఉన్నా, విశ్రాంతిగా ఉన్న నోట్లో పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తినడం, మింగడం కలుపుకున్నా రోజు మొత్తంలో పళ్ళు ఒకదానికొకటి తగిలేది సుమారు ఇరవై నిమిషాలే. చాలామందికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. పళ్ళు ఎప్పుడూ కలిసే ఉంటాయని, ఉండాలని అనుకుంటూ ముప్పై, నలభై ఏళ్ళు గడిపేసినవాళ్ళు వాళ్ళు.

ఫిజియోథెరపీ గదుల్లో వినిపించే మాటలు ఏ ఊళ్ళోనైనా ఒకటే. మెడ పట్టేసింది. రెట్టలు లాగేస్తున్నాయి. కణతల దగ్గర ఎవరో తాడు బిగించినట్టు తలపోటు. గుండెల్లో గ్యాస్ పట్టింది. స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు మనిషి గొంతులో కొంచెం అవమానం ఉంటుంది. నొప్పి అబద్ధమని తేల్చినట్టు వాళ్ళకి వినిపిస్తుంది. అబద్ధం కాదు. కండరం బిగువు స్కాన్‌లో కనిపించే పుండూ కాదు, విరుపూ కాదు. అది ఎడతెగకుండా అందుతున్న ఒక ఆజ్ఞ. నిజంగా విశ్రాంతిలో ఉన్న కండరానికి ఎలక్ట్రోమయోగ్రామ్ సూది గుచ్చితే విద్యుత్ చప్పుడు దాదాపు ఏమీ వినిపించదు. బిగువు ఉందంటే నరం వెంట కబురు వస్తోందన్నమాట. ఆపరేషన్ బల్ల మీద పూర్తి మత్తు ఇవ్వగానే ఎంత బిగుసుకున్న మనిషి మెడైనా మెత్తగా వాలిపోతుంది. ఆజ్ఞ ఆగితే బిగువూ ఆగుతుంది.

మరి నలభై ఏళ్ళ మనిషికి ఆ ఆజ్ఞ ఎవరిస్తున్నారు? ఆ ఆరేళ్ళవాడేనా?

ఈ ప్రశ్నని మొదట గట్టిగా వేసినవాడు విల్‌హెల్మ్ రైక్ అనే ఆస్ట్రియా వైద్యుడు, ఫ్రాయిడ్ శిష్యుడు. 1933లో వచ్చిన 'క్యారెక్టర్ అనాలిసిస్' గ్రంథంలో మనిషి తన స్వభావాన్నే కవచంగా తొడుక్కుంటాడన్నాడు. తర్వాత ఆ కవచం కండరాల్లో ఉంటుందని చూపడానికి పూనుకున్నాడు. రోగి ఏం చెబుతున్నాడన్నదానితో పాటు చెప్పేటప్పుడు దవడ, ఊపిరి, పొట్ట ఏం చేస్తున్నాయో చూడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత రైక్ దారి తప్పాడు. ఆర్గోన్ అనే విశ్వశక్తిని కనిపెట్టానన్నాడు, దాన్ని పట్టే పెట్టెలు తయారుచేశాడు, అమెరికా కోర్టు వద్దన్నా మానక జైలుకెళ్ళి 1957లో అక్కడే చనిపోయాడు. ఆర్గోన్‌ని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. మాట కంటే ముందు దవడని చూడమన్న అతని పరిశీలనని మాత్రం పారేయనక్కర్లేదు. దాన్ని కొలిచే పరికరాలు తర్వాతి తరాలకి దొరికాయి.

కొలిచినవాళ్ళలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ ముఖ్యులు. 1997లో వాళ్ళు ప్రచురించిన ప్రయోగంలో 180 మంది విద్యార్థినులకు ఏడిపించే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు, ఏదీ కాని ముక్కలు చూపించారు. సగంమందికి ఒకే షరతు: మీకేమనిపిస్తోందో చూసేవాళ్ళకి తెలియకూడదు. వాళ్ళ ముఖాలు నిజంగానే తక్కువ కదిలాయి. ఒంటి లోపల మాత్రం వేళ్ళ చివర రక్తనాళాలు మరింత ముడుచుకున్నాయి, గుండె, రక్తనాళాల వ్యవస్థ మీద ఒత్తిడి పెరిగింది. అన్నిటికంటే పట్టించుకోవలసిన ఫలితం ఇంకోటి. దాచినవాళ్ళలో నవ్వొచ్చే సినిమా ఇచ్చిన సంతోషం తగ్గింది. దుఃఖం తగ్గలేదు. ముఖం మీద ఆపితే సంతోషం ఆరిపోయింది గాని, దుఃఖం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పిల్లల్ని పెంచే ప్రతి ఇంట్లోనూ తెలియవలసిన ఫలితం ఇది.

కండరాల సంగతి జర్మన్ పరిశోధకురాలు హెర్టా ఫ్లోర్ 1985లో తేల్చింది. దీర్ఘకాలం నడుంనొప్పితో బాధపడేవాళ్ళ వెన్ను కండరాలకి తీగలు అమర్చి మొదట లెక్కలు చేయించారు. ఏమీ కాలేదు. తర్వాత సొంత జీవితంలో నలిపేస్తున్న విషయం ఒకటి మాట్లాడమన్నారు. అప్పుడు వెన్ను కండరాలు బిగిశాయి. సంభాషణ ముగిశాక మామూలు స్థితికి రావడానికి, పోలిక కోసం చేర్చిన మిగతావాళ్ళ కంటే ఎక్కువసేపు పట్టింది. లెక్కల కష్టానికి లొంగని నడుము సొంత కథకి లొంగింది.

అంత చిన్న బిగువు అంత నొప్పి ఎలా తెస్తుందన్నది తర్వాతి ప్రశ్న. దీనికి స్వీడన్ పరిశోధకుడు గోరన్ హాగ్ 1991లో ఒక ఊహ ముందుకు తెచ్చాడు. దానికి సిండ్రెల్లా పేరు పెట్టారు. ఒక కండరంలో వేల పోగులు ఉంటాయి. పని పడగానే అన్నీ ఒక్కసారి లేవవు. చిన్న నరాలకి కట్టుబడిన సన్నపోగులు ముందు లేస్తాయి, బరువు పెరిగేకొద్దీ పెద్దవి తోడవుతాయి. పని తగ్గాక పెద్దవి ముందు పడుకుంటాయి, చిన్నవి చివర్న. పెద్ద కుటుంబంలో చిన్నకోడలి బతుకు అది. అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకోవాలి. మూపు మీది కండరం వందలో రెండు మూడు పాళ్ళ బలంతో రోజంతా లేచి ఉంటే, మనిషికి బరువు మోస్తున్నట్టే తెలియదు. కాని ఆ రెండు మూడు పాళ్ళూ ఎప్పుడూ అవే పోగులు మోస్తుంటాయి, వాటికి సెలవు లేదు. ఉల్ఫ్ లుండ్‌బర్గ్ బృందం 1994లో చూపించినది దీనికి జోడిస్తే బొమ్మ పూర్తవుతుంది. చేతుల్లో ఏ బరువూ లేకపోయినా, మనసుకి ఒత్తిడి కలిగించే పరీక్ష పెట్టగానే మూపు కండరంలో విద్యుత్ పెరిగింది.

ఎద్దుకి మూపురం అంటాం, మనిషికి మూపు అంటాం. కాడి వేసేది రెండిటి దగ్గరే. ఒంగోలు గిత్తకి మాత్రం సాయంత్రం కాడి దించుతారు.

ఇదంతా మన పిల్లలకి ఎంత దగ్గరి విషయమో చూపే లెక్కలు ఉన్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని కలిసి తయారుచేసిన అధ్యయనంలో ముగ్గురిలో ఇద్దరు శారీరక హింస అనుభవించామన్నారు. ఇద్దరిలో ఒకరు మాటలతో, అవమానంతో మానసిక హింస ఎదుర్కొన్నారు. అన్ని రకాల హింసా ఎక్కువగా నమోదైన రాష్ట్రాల వరసలో ఆంధ్రప్రదేశ్ ఉంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోనే 2002 నుంచి యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 3,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించింది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ పిల్లలు వాళ్ళు. ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లా అందులో లేదు, కాని మన బడులు వేరే లోకంలో లేవు. వాళ్ళలో చిన్నవాళ్ళకి ఎనిమిదేళ్ళ వయసప్పుడు, గత వారంలో బళ్ళో దెబ్బలు తిన్నావా అని అడిగితే నూటికి 78 మంది అవునన్నారు. గత వారంలో! దెబ్బ ఒక సంగతి. దెబ్బ తిని ఏడవకుండా బెంచీ మీద నిలబడటం ఇంకో సంగతి. ఆ రెండోదానికి ఈ లెక్కల్లో గడి లేదు. విద్యాహక్కు చట్టం బడిలో దండననీ మానసిక వేధింపునీ నిషేధించి 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. "ఏడ్చావంటే ఇంకోటి పడుద్ది" అనే మాట ఆ తర్వాత కూడా బతికే ఉంది.

ఆ మాట తప్పని తెలుగులో చాలా ముందే చెప్పినవాడు చలం. బడుల తనిఖీ ఉద్యోగం చేస్తూ ఊరూరా తరగతి గదుల్లో కూర్చున్న మనిషి. 'బిడ్డల శిక్షణ'లో పిల్లల్ని కొట్టడం, బెదిరించడం, పెద్దల సౌకర్యం కోసం లొంగదీయడం ఎంత నష్టమో విడమరిచాడు. అతని నవలల మీద జరిగిన గొడవలో ఈ పుస్తకానికి దక్కవలసిన చదువరులు దక్కలేదనిపిస్తుంది. ఒంగోలులో, గుంటూరులో ఇంటింటా ఉండవలసిన పుస్తకం అది.

ఇక్కడ కొంచెం నెమ్మదించాలి. చిన్నప్పటి బాధకీ పెద్దయ్యాక నొప్పికీ సంబంధం ఉందనడానికి ఆధారం ఉంది, కాని అది తిన్నగా గీసిన గీత కాదు. 1958 మార్చిలో ఒక్క వారంలో బ్రిటన్‌లో పుట్టిన పిల్లల్ని జీవితాంతం వెంబడిస్తున్న అధ్యయనం ఉంది. వాళ్ళకి 45 ఏళ్ళు వచ్చాక చూస్తే, చిన్నప్పుడు సంరక్షణ గృహాల్లో పెరిగినవాళ్ళకీ తల్లి పోయినవాళ్ళకీ ఇంట్లో డబ్బుకి కటకట పడినవాళ్ళకీ ఒళ్ళంతా నొప్పుల ముప్పు మిగతావాళ్ళ కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దాకా ఉంది. ఇది నొప్పి రాకముందే రాసిపెట్టుకున్న సమాచారం కాబట్టి దీనికి విలువ. మరోవైపు, అమెరికాలో కోర్టు రికార్డుల్లో నమోదైన హింసకి గురైన పిల్లల్ని కాథీ విడమ్ బృందం పెద్దయ్యాక పరీక్షించి 2001లో రాసింది: రికార్డులో హింస ఉండటం ఒక్కటే పెద్దయ్యాక నొప్పిని చెప్పలేకపోయింది. తమకు జరిగిందని తామే గుర్తు చేసుకుని చెప్పినవాళ్ళలోనే నొప్పి ఎక్కువ. ఏం జరిగిందన్నది ఎంత ముఖ్యమో, జరిగినప్పుడు పక్కన ఎవరున్నారు, తర్వాత అది లోపల ఎలా నిలిచింది అన్నదీ అంత ముఖ్యమని దీన్నిబట్టి అనిపిస్తుంది. ఒక్క రోజు నోరు మూసుకోమన్న తండ్రి కొడుకు నడుం విరిచేయడు. నోరు మూసుకోవడమే ఇంటి పద్ధతి అయినప్పుడు సంగతి వేరు.

అణచుకోవడమూ అదుపూ కూడా ఒకటి కావు. ఎమిలీ బట్లర్, గ్రాస్ బృందం 2007లో చూపించినట్టు, ఆసియా విలువల్లో పెరిగినవాళ్ళకి భావాలు బయటపెట్టకపోవడం యూరోపియన్ మూలాలవాళ్ళకి చేసినంత చెరుపు చేయదు. మామగారి ముందు గొంతు తగ్గించి, వంటింట్లోకి వచ్చి వదినతో అంతా చెప్పుకున్న ఇల్లాలి సంగతి వేరు. ఆవిడ దవడకి వంటింట్లో సెలవు దొరికింది. ఏ గదిలోనూ చెప్పుకోలేని పిల్లకి దొరకలేదు.

ఇంకో హెచ్చరిక, ఇది మన నేలకే ప్రత్యేకం. మెడ తిరగడం లేదు, నడుం వంగడం లేదు అని కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి ఎవరైనా వస్తే, బాల్యం గురించి అడిగేముందు తాగేనీళ్ళ గురించి అడగాలి. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ని మొదటిసారి గుర్తించి వివరించింది నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి ఆ నెల్లూరు నుంచే ఇటు వచ్చాయి. నీళ్ళలో ఫ్లోరైడ్ మోతాదు బాగా మించి ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే స్నాయువుల్లో సున్నం పేరుకుంటుంది, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని కర్రలా అవుతాయి. అది ఎక్స్‌రేలో కనిపిస్తుంది, మత్తు ఇచ్చినా మెత్తబడదు. అలాగే జనవరి నుంచి ఏప్రిల్ దాకా రోజంతా వంగి మిరపకాయలు కోసే ఆడమనిషి నడుంనొప్పికి ముందు కారణం మిరపచేనే. ప్రతి నొప్పికీ వెనక అణగారిన ఏడుపుని వెతకడం, వెతికి తల్లిదండ్రుల మెడకి చుట్టడం అన్యాయం. స్కానూ రక్తపరీక్షా నీళ్ళూ పనీ అన్నీ చూశాక, అవేవీ చెప్పని బిగువు మిగిలితే అప్పుడు ఈ దారి.

ఈ దారిలో చేయగలిగింది ఉంది. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే షికాగో వైద్యుడు 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అనే పుస్తకం రాశాడు. పద్ధతి చాలా మామూలుది: ఒక్కో కండరాన్నీ కావాలని కొద్దిగా బిగించి, ఆ బిగువు ఎలా ఉందో గమనించి, వదిలేయడం. వదలమంటే వదల్లేని మనిషికి ముందు తాను పట్టుకున్నానని తెలియాలి. నలభై ఏళ్ళుగా లేచి ఉన్న భుజానికి లేచి ఉన్నానన్న స్పృహ ఉండదు. ఇంకాస్త పైకెత్తితేనే కిందికి ఎంత దూరం ఉందో తెలుస్తుంది. తలపోటుకి నేటికీ వైద్యులు నేర్పే సాధనల్లో ఇదొకటి.

కండరంతో ఆగకుండా ఏడుపు దాకా వెళ్ళిన వైద్యమూ వచ్చింది. మార్క్ లమ్లీ, హోవర్డ్ షుబినర్ బృందం 2017లో ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్ళునొప్పుల జబ్బున్న 230 మందిని మూడు గుంపులుగా విడదీసింది. ఒక గుంపుకి జబ్బు గురించి పాఠం, ఒక గుంపుకి ఆలోచనలు మార్చుకునే చికిత్స, మూడో గుంపుకి తప్పించుకుంటూ వచ్చిన కోపాన్నీ దుఃఖాన్నీ పేరుపెట్టి పైకి చెప్పుకునే చికిత్స. సగటు నొప్పిలో మూడో గుంపు పాఠం విన్న గుంపు కంటే మెరుగు కాలేదు. కాని నొప్పి సగానికి తగ్గినవాళ్ళు అందులో నూటికి 22.5 మంది ఉంటే, ఆలోచనల చికిత్సలో 8.3 మందే. అందరికీ కాదు, కొందరికి. ఆ కొందరికి అది బతుకు మారినంత పని.

పిల్లలకైతే చికిత్స దాకా వెళ్ళనక్కర్లేదు. ఆ గొడ్లచావిట్లో తండ్రికి బదులు నాయనమ్మ వచ్చి ఉంటే జరిగేది వేరు. ఆవిడ ఊరుకో అనదు. పక్కన చతికిలబడి పిల్లవాణ్ణి మూపు మీదికి లాక్కుంటుంది. "పోయింది నాయనా, దూడ పోయింది" అంటుంది. అబద్ధం చెప్పదు, రేపు ఇంకోటి తెస్తానని ఆశ పెట్టదు. గుక్క ఒకసారి పెరుగుతుంది, దవడ పూర్తిగా జారుతుంది, కోకంతా తడుస్తుంది. కొన్ని నిమిషాలకి గుక్క వెక్కిళ్ళలోకి దిగుతుంది. రెండేసి, మూడేసి ముక్కలుగా లోపలికి పోయే ఊపిరి, తర్వాత ఒక పొడుగాటి నిట్టూర్పు. ఆ నిట్టూర్పుతో వాడి భుజాలు రెండూ వాటంతటవే కిందికి దిగుతాయి. పొట్ట మెత్తబడుతుంది. గుంజకున్న పలుపు కొసని వేలికి చుట్టుకుంటూ ముక్కు ఎగబీల్చి అడుగుతాడు:

"నాయనమ్మా, దానికి అక్కడ కుడితి పెడతారా?"